మూడు బ్యాటరీల టార్చి

మూడో భాగం నడుస్తోంది.
మావాడు మంచం మీద బోర్లా పడుకొని
గడ్డం కింద దిండు పెట్టుకొని చూస్తున్నాడు.
నేను తలుపు దగ్గర,
చేతిలో ఆరేయాల్సిన తువ్వాలు.

తెర మీద మగపిల్లల హాస్టలు.
వరసగా ఇనప మంచాలు, దోమతెరలు.
మాకు మంచాల్లేవు.
కందుకూరులో నలభైమందిమి ఒకటే హాల్లో
ట్రంకు పెట్టెల సందుల్లో చాపలేసుకునేవాళ్ళం.
ఎవడి చాప ఫ్యాను కిందికి రావాలో
తిరుపాలన్న చెప్పేవాడు.

తీసినవాళ్ళు కొన్ని బాగానే పట్టారు.
చారు బక్కెట్టు కింద పెట్టినప్పుడు కమ్మీ చేసే చప్పుడు.
పెద్దోడు పేరు పిలవగానే చిన్నోడు
చెప్పులు వెతుక్కోకుండా లేవటం.
సరిగ్గా అప్పుడే
వార్డెను గదిలో రేడియో కాస్త పెద్దదవటం.
ఎవరో అక్కడ ఉన్నవాడే రాసుంటాడు.

ఒక్కటే తప్పు.
ఆ కుర్రాడి పళ్ళు తెల్లగా ఉన్నాయి.

మాలకొండయ్యవి అట్టా ఉండేవి కావు.
వాళ్ళది కనిగిరి అవతల,
పేరు చెబితే బస్సు కండక్టరు కూడా
మళ్ళీ అడిగే ఊరు.
అక్కడి బోరు నీళ్ళు తాగిన పిల్లలందరికీ
ముందు పళ్ళ మీద బెల్లంపాకం కారినట్టు చారలు.
ఇంటికాడ అందరివీ అంతే గనక
కందుకూరొచ్చేదాకా వాడికి ఆ సంగతి తెలీదు.
వచ్చిన రోజు
నవ్వుకుంటా లోపలికొచ్చాడు.

రాత్రి పదిన్నరకి కరెంటు పోయేది,
పోకపోతే తీసేవాళ్ళు.
"అబ్బయా, నీ టార్చి తే" అనేవాడు తిరుపాలన్న.
హాలు మొత్తానికి నాకొక్కడికే ఉండేది, మూడు బ్యాటరీలది.
పొగాకు బ్యారన్లో వేడెంతుందో చూసుకోను
మా నాయన కొన్నది,
పాముల భయానికి నాకిచ్చి పంపాడు.

"ఏదీ, నవ్వు."
నేను వెలుతురు వాడి నోటి మీద నిలిపేవాణ్ణి.
"ఇంకా. చిగుళ్ళు కనపడాల."
తర్వాత ఇటుకపొడి. కొబ్బరిపీచు.
ఒకరాత్రి ఎవడో గరుక్కాగితం తెచ్చాడు.

ఏడవలేదు వాడు.
లోపల్లోపల పదమూడో ఎక్కం చెప్పుకునేవాడు.
పదమూడేళ్ళు తొంభై ఒకటి,
అక్కడ మాత్రం ఒక గుటక.

నా చెయ్యి వణికిందా అని
ఇన్నేళ్ళుగా వెతుక్కుంటున్నా.
వణికుంటే వెలుతురు కదిలేది.
కదిలుంటే తిరుపాలన్న తిట్టేవాడు.
ఆ తిట్టు నాకు గుర్తుండేది.

దసరా సెలవులకి పోయినోడు మళ్ళీ రాలేదు.
ట్రంకు పెట్టె కోసం వాళ్ళమ్మ వచ్చింది.
బస్టాండు దాకా నేనే మోశాను, ఎవరూ చెప్పకుండానే.
బస్సు పైకెక్కించి దిగితే
"మావాడి జతగాడివా నాయనా" అని నవ్వింది.
అవే చారలు.
చెయ్యి అడ్డం పెట్టుకోకుండా,
నోరారా.

తెర మీద చీకటి హాలు.
కొట్టేవాళ్ళు కనపడుతున్నారు.
గోడకానుకొని చూసేవాళ్ళు కనపడుతున్నారు.
కుర్రాడి ముఖం మీద గుండ్రంగా వెలుతురు.
అది ఎవరి చేతిలోంచి వస్తోందో
చూపించరు.

"ఛ" అని మావాడు బొమ్మ ఆపేశాడు.
"నాన్నా, మీ హాస్టల్లో కూడా ఇట్టాంటోళ్ళు ఉండేవాళ్ళా?"
ఉండేవాళ్ళన్నాను.
"నిన్నేమన్నా చేశారా?"
తువ్వాలు నుంచి నా పాదం మీద ఒక చుక్క,
ఇంకో చుక్క.
"నన్నేం చెయ్యలేదు."
ఇందులో అబద్ధం లేదు.
వాడు హమ్మయ్య అని నవ్వాడు,
క్యాను నీళ్ళ మీద పెరిగిన పళ్ళు.

వచ్చే సోమవారం నెల్లూరు రెసిడెన్షియల్లో దింపి రావాలి.
ఫోన్లు ఒప్పుకోరంట.
వాళ్ళమ్మ రాసిన చీటీ ఫ్రిజ్జు మీద ఉంది.
బక్కెట్టు, తాళం, దోమల చుట్టలు,
ఆరు జతల బట్టలు, అన్నిటికీ టిక్కులు పడ్డాయి.
టార్చి దగ్గరే
పెన్ను రాయటం లేదన్నాను.